తారులో చిక్కిన దారం

ఆ ఎర్ర పోగును తన చేత్తోనే లాగిన తర్వాత కూడా ఉరుకుందప్ప ఆ కారును అంత శుభ్రంగా ఎందుకు తుడిచాడు? ఎన్నో పుస్తకాలు చదివాను. మనుషులు ఏ పని ఎందుకు చేస్తారో కొంతైనా తెలుసుననుకున్నాను. ఈ ఒక్కదానికి మాత్రం నాకు ఇప్పటికీ జవాబు దొరకలేదు.

ఎమ్మిగనూరులో ఆదోని రోడ్డు మీద, మా ఇంటికి ఎదురుగా మారెప్ప సర్వీసింగ్ షెడ్డు ఉంది. లారీలు, ఆటోలు, కార్లు అక్కడికి కడిగించుకోవడానికి వస్తాయి. పైపుతో నీళ్లు కొట్టే పని ఎవరైనా చేస్తారు. రంగుకు అంటుకుపోయిన తారు మచ్చలు, ఇసుక పలుకులు తీసే పని మాత్రం ఉరుకుందప్పదే. నేను అరుగు మీద కూర్చుని చదువుకుంటూ, కళ్లు అలసినప్పుడల్లా ఆయన పని చూసేవాణ్ణి.

ఆయన నేతగాడు. మీసాలు రాకముందే తండ్రి గుంట మగ్గంలో కూర్చుని, తల నెరిసేదాకా నేశాడు. నేసిన చీరను అడిగేవాళ్లు లేకుండా పోయాక మగ్గం విప్పేసి, ఎవరి పిల్లలైనా పడతారని ఆ గుంటను తనే మట్టితో పూడ్చాడు. భార్య హనుమంతమ్మ అప్పటికే పోయింది. పిల్లలు లేరు. మారెప్ప పిలిచి షెడ్డు వెనక గది చూపించాడు, పని ఇచ్చాడు. మారెప్ప వయసులో చిన్నవాడే. అయినా అతని పేరు చెప్పాల్సి వచ్చినప్పుడు ‘నాకు అన్నం పెట్టినోడు’ అనేవాడు ఉరుకుందప్ప.

మగ్గం దగ్గర నేర్చినదంతా కారు మీదికి తెచ్చుకున్నాడు. ముందు ధారగా నీళ్లు పోసి దుమ్ము పోగొట్టేవాడు. ఇసుక ఉండగా గుడ్డ పెడితే రంగు మీద గీతలు పడతాయి. తర్వాత కళ్లు మూసుకుని తడి తలుపు మీద వేళ్లు నడిపించేవాడు. నూలులో ముడి ఎక్కడుందో వెతికిన వేళ్లవి. మచ్చ తగిలిన చోట డీజిల్‌లో తడిపిన పాత నేత గుడ్డ అంటించి వదిలేసేవాడు. రుద్దేవాడు కాదు.

“తారు మొండిది సార్. దాంతో కొట్లాడకూడదు. నానితే అదే వదుల్తాది” అన్నాడొకసారి.

మెత్తబడ్డాక ఒకే వైపుకు తుడిచి, మిగిలిన మరకను బుడ్డల నూనెతో, అదే వేరుశనగ నూనెతో తీసి, సబ్బు నీళ్లతో కడిగేవాడు.

ఇంకొక అలవాటు కూడా మగ్గం నుంచే వచ్చింది. వాళ్ల ఇంట్లో దారప్పోగును నేల మీద పడేసేవాళ్లు కారట. తొక్కితే తప్పు. తెగిన పోగు చేతికొస్తే దేనికో ఒకదానికి చుట్టిపెట్టాలి. గుడ్డల నుంచి ఊడిన పోగుల్ని ఉరుకుందప్ప తన చొక్కా గుండీకి చుట్టుకునేవాడు. సాయంత్రానికి గుండీ కనపడేది కాదు.

“ఏమప్పా, గుండీ మీదే చీర నేస్తాండావా?” అనేవాడు మారెప్ప.

“నీ పెండ్లాం కొంటానంటే నేస్తాలే” అనేవాడు ఈయన.

నిరుడు ఎండాకాలం మాధవరం దగ్గర కొత్తగా తారు వేస్తున్నారు. ఒక ఉదయం షెడ్డు తెరవకముందే తెల్ల కారు ఒకటి వచ్చి నిలబడింది. ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే ఒక పెద్దమనిషిది. ఆయన మాట మీద ఆదోని నుంచి ఇంకా చాలా కార్లు మారెప్ప దగ్గరికి వచ్చేవి. డ్రైవరు మల్లికార్జున అందరికీ తెలిసినవాడే. ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు, ఆ రోజు కారు దిగి అటూ ఇటూ తిరుగుతున్నాడు.

“ఆదోనిలో నీళ్లకు కరువొచ్చిందేమప్పా, పొద్దున్నే ఈడికొచ్చినావు?” అని మారెప్ప పలకరించాడు.

“నీళ్లుండాయిలే అన్నా. ఉరుకుందప్ప చెయ్యి యాడుంది ఆడ?”

ఆ మాటకు ఉరుకుందప్ప ముఖం విప్పారింది. మగ్గం పోయాక ఆయన చేతిని మెచ్చుకున్నవాళ్లు తక్కువ. మంత్రాలయం నుంచి వస్తున్నానని, కొత్త రోడ్డు మీద తారు చిందిందని డ్రైవరు చెప్పాడు. ఎడమ వైపు తలుపులు రెండూ నల్లని చుక్కలతో నిండి ఉన్నాయి. ముందు లైటు పక్కన చిన్న సొట్ట.

ఉరుకుందప్ప కింద చతికిలబడి పని మొదలుపెట్టాడు. ఎండ ఎక్కుతున్న వేళ, తలుపు అడుగున ఆయన వేళ్లు ఆగాయి. ఒక తారు ముద్దలోంచి ఏదో మెల్లగా లాగాడు. పొడవాటి ఎర్ర పోగు. వెలుతురుకు ఎత్తి చూశాడు. రెండు వేళ్ల మధ్య నలిపాడు. డ్రైవరు వైపు చూశాడు. అతను టీ గ్లాసు పట్టుకుని ఫోను చూసుకుంటున్నాడు. ఉరుకుందప్ప పోగును గుండీకి చుట్టుకుని, గుడ్డ తడిపి మళ్లీ తలుపు మీదికి వంగాడు. సొట్టలో ఇరుక్కున్న ఇసుకను కూడా తడి గుడ్డ కొసతో తీశాడు. కారు వెళ్లేటప్పుడు దాని మీద తారు పడిందంటే నేనే నమ్మలేకపోయేవాణ్ణి.

ఆ వారంలోనే ప్రేమలత షెడ్డుకు వచ్చింది.

ఆమె భర్త యేసేపు మాధవరం దగ్గర రోడ్డు కూలీ. కొత్త తారు మీదికి బండ్లు రాకుండా రాళ్లు అడ్డం పెట్టి కాపలా ఉండేవాడు. ఆ కారు ఇక్కడికి వచ్చిన రోజే, తెల్లవారుతుండగా అతను రోడ్డు పక్కన చనిపోయి కనిపించాడు. తాగి రోడ్డు మీద పడుకుని ఉంటాడని, ఏ బండో తొక్కిపోయిందని మేస్త్రీ అన్నాడు. ఊరు కూడా అదే అనుకుంది. ఒకప్పుడు అతనికి ఆ అలవాటు ఉన్న మాట నిజమే. కానీ చర్చిలో అందరి ముందూ నిలబడి మానేస్తానని మాట ఇచ్చాడు, మానేశాడు. దేవుని ముందు ఇచ్చిన మాట తప్పి చచ్చాడని జనం చెప్పుకోవడం ఆమె తట్టుకోలేకపోయింది.

ఆమెకు ఒక ఆలోచన తోచింది. పచ్చి తారు మీద పోయిన బండి కడిగించుకోకుండా ఉండదు. అందుకే షెడ్డు తర్వాత షెడ్డు అడుగుతూ వస్తోంది. సంచిలోంచి యేసేపు తలకు చుట్టుకునే తుండుగుడ్డ తీసి మారెప్పకు చూపించింది. తెల్ల గుడ్డ, ఎర్ర అంచు. తారు అంటుకుని, ఒక వైపు అంచు చిరిగి పోగులు వేలాడుతున్నాయి.

“ఆయప్ప తాగలేదన్నా. అదొగటి నలుగురికి తెలిస్తే సాలు నాకు” అంది.

మారెప్ప ఆమెకు మంచినీళ్లు ఇప్పించాడు. రోజూ ఎన్నో బండ్లు వస్తుంటాయని, ఏది ఏ దారిన వచ్చిందో తనకెలా తెలుస్తుందని అన్నాడు. అంటూ ఉరుకుందప్ప వైపు చూడలేదు. ఉరుకుందప్ప మాత్రం చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆ తుండు అంచును రెండు వేళ్లతో పట్టి చూశాడు. మెల్లగా మడిచి ఆమె చేతికి తిరిగి ఇచ్చాడు. ఆమె ఆదోని బస్సెక్కింది, అక్కడి షెడ్లు అడగడానికి.

ఆ సాయంత్రం ఆయన మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. ఎప్పుడూ మెట్టు మీదే కూర్చునేవాడు, ఆ రోజు పైకి వచ్చాడు.

“ఆ పోగు ఆ తుండుదే సార్. ఆ ఎరుపు, ఆ పురి... నా యేళ్లకు తెలుసు.”

మరి చెప్పరాదా అన్నాను.

“సెప్తే ఆదోని బండ్లు రావు. మారెప్ప నాకు అన్నం పెట్టినోడు.”

చెప్పకపోతే ఏమవుతుందని అడిగాను.

“సెప్పకపోతే యేసేపు తాగినోడే సార్.”

మర్నాడు పొద్దున్నే, గుండీకి ఆ పోగు చుట్టి ఉన్న, ఉతకని చొక్కాను కాగితంలో చుట్టుకుని ముందు మారెప్ప దగ్గరికి వెళ్లాడు. స్టేషన్‌కు పోతున్నానని చెప్పాడు. మారెప్ప పైపు కట్టేసి, పోయి రమ్మన్నాడు. స్టేషన్‌లో చెప్పింది రాసుకున్నారు, చొక్కా తీసుకున్నారు. మల్లికార్జునను పిలిపిస్తే అతను పెద్దగా బుకాయించలేదు. నిద్ర కమ్మి రాళ్లను చూసుకోలేదట. మనిషి ఎదురుగా నిలబడి రెండు చేతులూ ఊపుతున్నాడని, ఆపమని అరిచాడని అతనే చెప్పాడు. ఆదివారం చర్చిలో పాస్టరు ఆ మాటే అందరికీ వినిపించాడట. యేసేపు నిలబడి, తన పని తాను చేస్తూ పోయాడని.

ఆ తర్వాత ప్రేమలత ఉరుకుందప్పను చూడటానికి వచ్చింది. ఆయన లేచి నిలబడ్డాడు. ఆమె చేతులు జోడించింది. వెళ్లబోతూ ఆగి, కోపం లేని గొంతుతోనే అడిగింది.

“తుడిసేటప్పుడే తెల్సా అన్నా నీకు?”

ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు. ఆమె కొంగు సర్దుకుని వెళ్లిపోయింది. తెలిసే తుడిచాడా? చేతిని మెచ్చుకున్న మాటకు లొంగాడా? అన్నం పెట్టినవాడికి బేరం తెచ్చే బండి అని ఊరుకున్నాడా? ఏదీ కాక, మొదలుపెట్టిన పని మధ్యలో వదలలేని చెయ్యి దాని పని అది చేసుకుపోయిందా? ఒక్కోరోజు ఒక్కోటి నిజమనిపిస్తుంది.

ఆదోని కార్లు రావడం మానేశాయి. మారెప్ప ఆయన్ను ఒక్క మాట అనలేదు. నువ్వు చేసింది మంచిపనే అని నా ముందే అన్నాడు కూడా. కానీ ఎగతాళి చేయడం మానేశాడు. అన్నం ఇద్దరూ ఒకచోట కూర్చుని తినేవాళ్లు, అప్పట్నుంచి వేరువేరుగా తినసాగారు. ఉరుకుందప్ప పని కూడా నెమ్మదించింది. ఏ కారు వచ్చినా ప్రతి మచ్చనూ గోటితో కదిలించి, కింద ఏముందోనని వంగి చూసేవాడు. మధ్యాహ్నానికి అయ్యే పని సాయంత్రమైనా తెమిలేది కాదు. బండివాళ్లు విసుక్కునేవాళ్లు.

వానలు మొదలవకముందు ఒక రోజు, గూడూరు నుంచి ఎవరిదో కారు వచ్చింది. ఉరుకుందప్ప నీళ్లు పోశాడు, వేళ్లతో వెతికాడు, వెనక తలుపు మీది మచ్చకు తడి గుడ్డ అంటించాడు. తర్వాత కొళాయి దగ్గర మోచేతుల దాకా చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. వెనక గదిలోకి వెళ్లి భుజాన చిన్న సంచితో బయటికి వచ్చాడు. ఇక తిరిగి రాడని అప్పుడు తెలియదు, అంగడికి పోతున్నాడేమో అనుకున్నాను. రోడ్డు దాటి మా అరుగు ముందు నుంచే నడిచాడు. నేను పుస్తకం మూసి పలకరింపుగా తల ఊపాను. ఆయన చూపు నేల మీద ఉంది. అటుగా వచ్చిన బస్సు ఆగింది. ఎక్కేశాడు.

గుడ్డ ఎండిపోతోందని మారెప్ప లోపలి నుంచి ఆయన్ను పిలుస్తున్నాడు.