ముల్లు సగం మీదుంది

మా మావయ్య ముప్పై ఏళ్లకు పైగా బిలాస్‌పూర్‌లో స్టీమింజన్లు నడిపారు. రిటైరయ్యాక ఆ బొగ్గు పొగంతా ఆయన ఊపిరితిత్తుల్లోనే ఉండిపోయింది. రైల్వే ఆస్పత్రివాళ్లు ఇచ్చిన ఆక్సిజన్ సిలిండరు మా క్వార్టర్లో ఆయన మంచం పక్కనే నిలబడి ఉండేది. ముక్కులో పైపు ఉన్నంతసేపూ ఆయన కళ్లు దాని మీటరు మీదే. టీవీ కొన్న కొత్తలో మేం దాన్ని కూడా అంతసేపు చూడలేదు.

బొంబాయిలో ఉన్న మా ఆడపడుచుకి పెళ్లయిన పదకొండేళ్లకి ఆడపిల్ల పుట్టింది. మనవరాలి బారసాలకి వెళ్లి తీరతానని మావయ్య పట్టుబట్టారు. రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది, దార్లో సిలిండరు అయిపోతే ఎవరు మారుస్తారని డాక్టరు ఒప్పుకోలేదు. రాయ్‌పూర్ నుంచి విమానమైతే సరేనన్నాడు. జన్మంతా రైల్వే పాసు మీద తిరిగిన మనిషి కదా, డ్రైవరు మొహం కనబడని బండి ఎక్కనని రెండ్రోజులు అలిగారు. మూడో రోజు పొద్దున్నే లేచి, తోడు ఎవరొస్తారని అడిగారు.

మా ఆయన లీవు పెడతానన్నారు. మావయ్య వద్దన్నారు. "ఆడికి మీటరు చూడమంటే నా మొహం చూస్తాడు. నువ్వైతే ఉన్నది ఉన్నట్టు చెప్తావు" అని నన్నే రమ్మన్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పే నోరున్నందుకు అత్తారింట్లో నేను తిన్న చీవాట్లు అన్నీ ఇన్నీ కావు. మొదటిసారి ఆ నోరే ఒక అర్హతయింది. పైకి విసుక్కున్నాను గానీ లోలోపల పొంగిపోయాను.

రాయ్‌పూర్ దాకా జీపులో మా సిలిండరుతోనే వెళ్లాం. రైలెక్కుతున్నట్టే హోల్డాలూ మరచెంబూ వాటితోపాటు సిలిండరూ తీసుకెళ్లి కౌంటరు ముందు దింపాం. అక్కడున్నాయన హడలిపోయాడు. సొంత సిలిండరు విమానంలోకి రాకూడదట. డాక్టరు కాగితం ముందే పంపాం కాబట్టి, వాళ్లదే ఒకటి లోపల సిద్ధంగా ఉందట. అచ్ఛా, మరి దాని చార్జి, అంటే దాన్ని చూసుకునే బాధ్యత, ఎవరిదని మావయ్య హిందీలో నిలదీశారు. అతనికి అర్థం కాలేదు. నాదేనని నేనే చెప్పాను. దింపడానికి వచ్చిన మా ఆయన మా సిలిండర్ని పట్టుకుని వెనక్కి వెళ్లిపోయారు.

చిక్కు లోపలికెళ్లాక వచ్చింది. సిలిండరుని మావయ్య సీటు వెనకాల కట్టారు. నేను మెడ తిప్పి వంగితే మీటరు కనిపిస్తుంది గానీ ఆయనకి కనబడదు. గాలి బాగానే వస్తున్నా ఆయనకి ఆయాసం మొదలైంది, నుదుటి మీద చెమట పట్టింది. అప్పుడు నాకు తట్టింది. ఇంజన్లో సిగ్నల్ కనబడగానే డ్రైవరూ, బొగ్గేసే ఫైర్‌మనూ ఇద్దరిలో ఒకరు దాన్ని పైకి చెప్పాలి, రెండోవాళ్లు అదే మాట తిరిగి అనాలి. ఆయన కబుర్లు వినీ వినీ అది నాకు కంఠతా వచ్చేసింది.

"మావయ్యా, ముల్లు నిండు మీదుంది" అన్నాను.

ఆయన నా వైపు ఓసారి తేరిపార చూసి, "నిండు మీదుంది" అన్నారు.

ఇక పది నిమిషాలకోసారి నేను చెప్పడం, ఆయన అనడం. ముందు సీట్లో సూటు వేసుకున్నాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు, మూడోసారి మానేశాడు. మావయ్య ఆయాసం నెమ్మదించింది. నాగపూర్ దాటాక టిఫిను తిని, ఉప్పు తక్కువైందని వంక కూడా పెట్టారు.

బొంబాయి మీద వాన. విమానం దిగకుండా పైనే చుట్లు తిరగడం మొదలెట్టింది. ముల్లు సగం దాటి పావుకి వచ్చింది. ఎయిర్‌హోస్టెస్ చెవిలో చెప్పాను. ఆమె డాక్టరు కాగితం చూసి, అందులో తగ్గించొచ్చని రాసినంత మేరకు గాలి వదిలే నాబు కాస్త తగ్గించింది. ఇంకా ఎంతసేపని అడిగితే తెలీదంది. దిగేలోగా గాలి అయిపోతే, ఇంత దూరం తెచ్చి మనవరాలిని చూపించకుండానే ఆయన్ని పోగొట్టుకుంటానన్న భయం పట్టుకుంది. మళ్లీ మీటరు చెప్పే వేళయింది. ఆయన ఎదురుచూస్తున్నారు.

"ముల్లు సగం మీదుంది" అన్నాను.

"సగం మీదుంది" అన్నారు.

ఇంకో పది నిమిషాలకీ అదే చెప్పాను. ఆ తర్వాతా అదే. ముల్లు ఎర్రగీత మీదకి వచ్చాక చక్రాలు నేలకి తగిలాయి. కింద వాళ్లు ఇంకో సిలిండరు తగిలించేదాకా నేను ఆయన చెయ్యి వదల్లేదు.

మర్నాడు బారసాల. బియ్యంలో పేరు రాశాక మా ఆడపడుచు పిల్లని తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. ఆయన మొహం చూసి నాకు కడుపు నిండిపోయింది. ముక్కు దగ్గర పైపు సరిచేద్దామని వంగాను. నాకొక్కదానికే వినబడేట్టు, "ఆఖర్న మూడుసార్లు తప్పు చెప్పినావమ్మా" అన్నారు.

తలెత్తలేకపోయాను. ఎలా తెలిసిందని మెల్లగా అడిగాను.

"నాబు తగ్గించినప్పుడే తెలిసిపోనాది. ముక్కు నాది గాదేటి?"

"మరి మీరెందుకు సగం అన్నారు?"

పిల్ల గుప్పిట్లో ఉన్న తన వేలు కదపకుండానే, "అప్పటికే నీ గొంతు వణికిపోతున్నాది. బండిలో ఇద్దరమూ భయపడిపోతే ఎలాగమ్మా" అన్నారు.

నాకు ఏడుపు ఆగలేదు. పిల్లని చూసి సంతోషంతో ఏడుస్తున్నాననుకుని మా ఆడపడుచు నా భుజం తట్టింది.