ఇల్లు పోయిన దయ్యం

లింగంపల్లిలో బస్సెక్కేటప్పటికి మా ఆరేళ్ల పాప సరిగ్గా నిద్రపోయి నాలుగు రోజులైంది. వింత జీవుల్ని పట్టి పోగుచేసే వీడియో గేమ్ ఒకటి వాళ్ల బాబాయి ఇచ్చాడు. అందులో ఒక నల్లటి దయ్యం పళ్లన్నీ చూపిస్తూ నవ్వుతుంది. పాప భయపడుతోందని నేను బ్యాటరీలు తీసేశాను. భయం ఇంకా పెరిగింది.

మా పక్కన కూర్చున్నామె గచ్చిబౌలిలో బిల్డింగు పనికి వెళుతోంది. చేతులనిండా సిమెంటు మరకలు.

"ఏమైంది బిడ్డా, కండ్లు గట్ల ఉబ్బినయ్?" అని పాపనడిగింది.

"దయ్యం బాబాయి ఇచ్చిన గేమ్‌లో ఉండేది. అమ్మ బ్యాటరీలు తీసేసింది. ఇప్పుడు మా ఇంట్లో తిరుగుతోంది."

ఈ మాట పాప నాకు చెప్పలేదు. దయ్యాల్లేవని చెప్పడమే తప్ప నేనూ అడగలేదు.

ఆమె నవ్వలేదు. "ఇల్లు గుంజుకుంటే అది మాత్రం యాడికి పోతదమ్మా?" అంది నాతో.

వాళ్ల బాబాయికి తిరిగి ఇచ్చేద్దామని సంచిలో పెట్టుకున్న గేమ్ తీసి బ్యాటరీలు వేశాను. దయ్యం తెర మీదికి వచ్చింది.

"గిదేనా? గింతంతనే ఉన్నది! ఇగ దాని ఇంటికి అది వచ్చింది. ఫికర్ జెయ్యకు."

పాప ముందు ఒక కంటితో చూసింది, తర్వాత రెండు కళ్లతో. కాసేపటికి ఆమె భుజం మీద తలవాల్చి నిద్రపోయింది.

గచ్చిబౌలి వచ్చింది. నేను పాపను తీసుకోబోతే ఆమె నా చెయ్యి ఆపింది.

"పండనియ్యమ్మా. నేను నడ్సుకుంట పోత."

మూడు స్టాపులు దాటాక పాప తనంతట తానే లేచింది. అప్పుడు ఆమె దిగి, ఎండలో వెనక్కి నడిచి వెళ్లింది. ఆలస్యమైనందుకు ఆమెను మేస్త్రీ ఏమన్నాడో అని ఇప్పటికీ అనుకుంటాను.