గదిలో నాలుగో మనిషి

నేను గుంటూరు మనిషిని. నిజామాబాద్ నుంచి బోధన్ వెళ్లే బస్సులో నా పక్కన బీడీలు చుట్టే లక్ష్మి కూర్చుంది. ఆమె భర్త గల్ఫ్‌లో కూలి. అక్కడ క్షిపణులు పడుతున్నాయని ఆ ఉదయమే పేపర్లో చదివాను. ఎడపల్లి రాకముందే ఆమె ఫోను మోగింది.

"నువ్వు మంచిగున్నవని గొంతు వింటెనే ఎర్కైంది. రూముల ఒక్కొక్కరికి ఫోనియ్యి," అంది భర్తతో.

రూములోని ఇద్దరు ఆమెతో మాట్లాడారు. "బాంబులు పడ్తున్నా కూరల ఉప్పు లేదని లొల్లేనా తమ్మీ!" అని ఒకరితో నవ్వింది. తరవాత "మరి సలీం?" అని అడిగి, జవాబు విని ఫోను పెట్టేసింది.

ఆ గదిలోని నలుగురూ ఈ చుట్టుపక్కల వాళ్లే. ఏ ఇంటికి ఫోను వచ్చినా నలుగురి క్షేమమూ కనుక్కుని మిగతా ఇళ్లకు చెప్పడం వాళ్ల రివాజట. లక్ష్మి రెండిళ్లకు ఫోను చేసి ఆపేసింది.

"సలీం ఇంటికి చెయ్యవా అమ్మా?" అన్నాను.

"పొద్దుగాల డ్యూటీకి పోయిండట బాపు, ఫోన్ కలుస్తలేదట. ఆళ్లమ్మ ఒక్కతే ఉంటది. గిది ఫోన్ల చెప్పేది కాదు."

బోధన్‌కు టికెట్ తీసుకున్న మనిషి, మధ్యలో సలీం వాళ్ల ఊళ్లో దిగిపోయింది.