కండెల మిషన్ మీద కట్టిన పాట

1996లో, సద్దుల బతుకమ్మకు ముందు వచ్చిన ఆదివారం, పగలు సరిగ్గా మూడు గంటలకు, మగ్గాల పనికి ఊరు విడిచి వచ్చి మేముంటున్న పర్వత్ పాటియాలో, మా గల్లీ ఆడవాళ్లకు నేను కట్టిన పాట వినిపించాను. అప్పటికి రెండు చరణాలే అయ్యాయి. నాకింకా అక్షరాలు రావు, పాటంతా నోట్లోనే ఉండేది. వాళ్లు ఒప్పుకుంటేనే పండుగనాడు బతుకమ్మ చుట్టూ దాన్ని పాడతారు.

వాళ్లు గుండ్రంగా తిరుగుతూ, వంగి లేస్తూ ఆడుతుంటే మొదటి చరణానికే చప్పట్లు చెదిరాయి.

"ఏంది వదినా, ఎవలన్న ఎంటబడ్డరా? గంత ఉరుకుతున్నవ్!" అని మా ఆడబిడ్డ నవ్వింది.

"మీకే ఆడరాదు," అన్నాను.

కోపంతో మళ్లీ పాడాను. మళ్లీ చెదిరింది. మా అత్త ఆడడం ఆపేసింది.

"ఏమే, కండెలు చుట్టుకుంట కట్టినవా గీ పాట?"

"అవు అత్తా." మగ్గాలకు నూలు కండెలు చుట్టే మిషన్ మీద నా పని; దాని చప్పుడుకు తగ్గట్టే పాట కట్టాను.

"గందుకే. మిషన్ వంగదు, అడుగెయ్యదు. మేం వంగాలె గదా బిడ్డా. నువ్వొచ్చి జర ఆడుకుంట పాడు."

వెళ్లి ఆడాను. వంగినప్పుడల్లా ఊపిరి అందలేదు. నాకు బాగా నచ్చిన మాటలే అడ్డొస్తున్నాయని తెలిసింది. ప్రతి వరుసలో రెండేసి మాటలు తీసేశాను. ఏడుపొచ్చింది గాని తీసేశాను. ఈసారి చప్పట్లు చివరిదాకా కలిసే పడ్డాయి.

"పాడుదాం. మూడోది గూడ కట్టు. మిషన్ కాడ మాత్రం కట్టకు," అంది అత్త.

ఆ పాటకు మొదటిసారి చివరిదాకా కలిసి ఆడింది మా అత్త, ఆడబిడ్డ, పక్కింటి పెద్దమ్మ, ఆమె ఇద్దరు కోడళ్లు, నేను.