ప్రధాని చూడాల్సిన చేను

నేను బడికి వెళ్లలేదు. పురాణాలు చదివే మా నాన్న ఇంట్లోనే అక్షరాలు దిద్దించారు. అందుకు ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను. ఆ చదువులో ప్రధాని అంటే రాజు పక్కన నిలబడి మంచీచెడూ చెప్పేవాడు. ఎనభైల్లో ఒక ఏడు మా పత్తికి తెల్లదోమ తగిలి ఆకులన్నీ మసిబారాయి. ప్రధానమంత్రి చేలు చూడ్డానికి వస్తున్నారని ఊళ్లో అనుకుంటుంటే, రాజు రాకుండా మంత్రి రావడమేమిటని అడిగాను.

అద్దంకిలో పంతులుగా ఉన్న మా మరిది నవ్వలేదు, పాపం. "రాజులాంటివాడు రాష్ట్రపతి, వదినా. సంతకం ఆయనది, మాట ప్రధానిది. మంత్రుల్ని పెట్టేదీ తీసేదీ ఈయనే. సభలో ఎక్కువమంది ఈయన వైపు ఉన్నన్నాళ్లే అనుకో" అన్నాడు.

చివరి మాట మా ఆయన చెవిన పడలేదు. అంతా ఒక్కడి చేతిలోనే ఉందన్నది పట్టుకున్నారు, పాడైన చేను కళ్లారా చూస్తే ఆయనే పరిహారం ఇప్పిస్తారని. చుట్టుపక్కల వాళ్లు పాడైన పత్తి పీకేసి, నేలలో తడి పదును ఉండగానే శనగ చల్లుకున్నారు. ఆ శనగైనా పడకపోతే మాకు ఏడాది తిండికి వేరే దారి లేదు. మనమూ పీకుదామండీ అని రోజూ బతిమాలాను.

"పీకేస్తే ఆయనకేం చూపిస్తావే, వంటచెరకా?" అన్నారు.

దీపం పెట్టి, ప్రధాని తొందరగా రావాలని మొక్కుకున్నాను.

ఒక మధ్యాహ్నం హెలికాప్టరు మా చేల మీదుగా గుంటూరు వైపు పోయింది. అందులో ఎవరున్నారో తెలియదు. మా ఆయన ఎండిన పత్తిచెట్టొకటి పైకెత్తి పట్టుకుని నిలబడ్డారు. అంత ఎత్తునుంచి, కలుపు బలిసిన మా చేను పచ్చగానే కనిపించి ఉంటుంది.

ఆదివారం మరిది వచ్చాడు. ప్రధాని చూసినా తనంతట తాను ఇచ్చేది ఉండదట. సేద్యం రాష్ట్రం చూసుకోవాలి, ఇక్కడివాళ్లు అడగాలి, అక్కడ కేంద్రంలో మంత్రులంతా కూర్చుని తేల్చాలి. ఇక్కడి పార్టీ వేరు, అక్కడిది వేరు.

"ఆ మాట అప్పుడే చెప్పకపోయావేంరా?" అన్నారు మా ఆయన, మెల్లగా.

"నువ్వు అడగలేదుగా అన్నయ్యా."

మర్నాడు పత్తి పీకడానికి వెళ్లాం. రేగడి నేల తడారి, బిగిసి నెర్రెలు విచ్చింది. చెట్లు వేళ్లతో రాలేదు, మొదలు దగ్గరే విరిగాయి. పక్క చేలో శనగ జానెడు లేచింది. ఆ చేనావిడ మజ్జిగ తెచ్చిచ్చింది, ఆ తల్లి చల్లగా ఉండాలి. మా ఆయన ముట్టుకోలేదు. గట్టు మీద కూర్చుండిపోయారు.

విత్తనం ఇంట్లోనే ఉందిగా, చల్లి చూద్దామా అన్నాను.

"దేంట్లో?" అన్నారు.

ఆ సాయంత్రం దీపమైతే పెట్టాను గానీ, ఏం అడగాలో తోచలేదు.