విల్లియనూరు షెడ్డులో రెండు ఫ్రెంచి కార్లు

పాత ఫ్రెంచి కారు కొనాలన్నది మా ఆయన మాధవ కోరిక. అది నేను కూడా నడపగలిగేదై ఉండాలన్నది నా షరతు. పుదుచ్చేరి పక్కన విల్లియనూరులో ఒక పెద్దాయన దగ్గర అలాంటివి రెండున్నాయనీ, మాకు నచ్చినది ఒకటి అమ్ముతారనీ తెలిసి 2006 చలికాలంలో నెల్లూరు నుంచి బయల్దేరాం. చెన్నైలో బస్సు మారి, సముద్రం వెంబడి రోడ్డులో మూడున్నర గంటలకు పుదుచ్చేరి చేరాం. అక్కడి నుంచి విల్లియనూరుకు టౌను బస్సులో అరగంట, టికెట్టు ఐదు రూపాయల లోపే.

పెద్దాయన వి. సుబ్బరాయ రెడ్డియార్‌ది తరాలుగా అక్కడే సేద్యం చేస్తున్న తెలుగు కుటుంబం. "నెల్లూరా? మనోళ్లే. ముందు కాపీ తాగండమ్మా, వండి యాడికీ పోదు" అన్నాడు. బండిని తమిళంలోలాగా వండి అంటాడాయన. షెడ్డులో నల్ల సిట్రోయెన్ ట్రాక్షన్, బూడిదరంగు ప్యూజో 403 పక్కపక్కనే ఉన్నాయి. రెండింటికీ స్టీరింగు ఎడమవైపే.

మొదట ట్రాక్షన్‌లో కడలూరు రోడ్డు మీద కిరుమాంబాక్కం దాకా వెళ్లాం. మాధవ నడిపాడు, కుడివైపు సీట్లో రెడ్డియార్, వెనక నేను. ముందు చక్రాలే లాగే బండి కావడంతో మలుపుల్లో నేలకు అతుక్కున్నట్టు పోయింది. గేర్లు మూడే, వేగం అందుకోవడం నిదానం. ఒకచోట మాధవ ముందున్న బస్సును దాటబోయాడు. ఎడమవైపు కూర్చున్నవాడికి ఎదురుగా ఏం వస్తోందో కనబడదు. "ఇరు, ఆగు నాయనా, లారీ వస్తా ఉండాది" అన్నాడు రెడ్డియార్, గొంతు పెంచకుండా. మాధవ బస్సు వెనకే ఉండిపోయాడు. లారీ పక్కనుంచి దూసుకుపోయింది.

కిరుమాంబాక్కంలో బండి వెనక్కి తిప్పడానికి స్టీరింగు ముందు నేను కూర్చున్నాను. నా బలమంతా పెట్టినా అది తిరగలేదు, మళ్లీ మాధవే నడిపాడు. విల్లియనూరుకు తిరిగొచ్చి 403 తీస్తే అది నా మాట విన్నది. నాలుగు గేర్లు, చురుకైన పరుగు, సంత వీధిలో సైకిళ్ల మధ్య కూడా చేతికి తేలిగ్గా ఉంది.

అయినా మాధవ మనసు నల్లదాని మీదే ఉంది. "ఇట్టాంటిది మళ్లీ దొరకదు. కార్లు దాచుకునేవాళ్లు దీనికోసం ఎంత దూరమైనా వస్తారు. 403లు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి" అన్నాడు.

"నిజమే. కానీ నేను నడపలేను గదా. తుడిచి పెట్టుకునేదానికైతే మనకెందుకు?" అన్నాను.

అతను చాలాసేపు ఆ కారు చుట్టూ తిరిగాడు. చివరికి "403 తీసుకుంటాం పెద్దాయనా" అన్నాడు.

రెడ్డియార్ అరుగు మీద కూలబడి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఏదైనా మీ ఇష్టమని మాటిచ్చేస్తిని. నల్లదాన్ని అడగతారేమోనని రాత్రంతా నిద్ర పట్టలేదమ్మా. మా ఇంటామె దాంట్లోనే వండి తోలేది నేర్చింది. ఇప్పుడూ గుడికి దాంట్లోనే పోతాది. ఆ స్టీరింగు తిప్పేది ఆమెకే తెలుసు."

ఆమె మాకు అన్నం వడ్డిస్తూ, "ఇంక అందరూ నిమ్మళంగా తినండి" అంది.

సేకరణకు ట్రాక్షన్, రోజూ తిరగడానికి 403 అని ఇప్పుడు తేలిగ్గా చెప్పగలను. తప్పు కారు ఎంచుకుంటామేమోనన్న భయంతోనే ఆ రోజంతా గడిపాం. మేము వదిలేసిన కారే ఒకరికి అంత ఊరట అవుతుందని అనుకోలేదు. మీరూ అటువైపు పాత కారు చూడబోతే, పై రంగు చూసి మురిసిపోకండి. సముద్రపు గాలికి తుప్పు కింద నుంచి మొదలవుతుంది. మెకానిక్కు షెడ్డులో కారును గుంత మీద నిలబెట్టి, అడుగు రేకు చూశాకే మాటివ్వండి.