వేడెక్కక ముందు పొగ

"పొగలో నిలబడకే, బండింకా వేడెక్కలేదు."

"ఆయ్. మీరెళ్ళి రండి."

మా ఆయనకీ నాకూ మధ్య ఆఖరి మాటలవే. కారు కిరాయికి తోలేవారు. ఆ రోజు రావులపాలెంలో బేరం వాళ్ళని దించి, స్టీరింగు మీద తల వాల్చి మరి లేవలేదు.

రోజూ పొద్దున్నే బండి స్టార్టు చేసి వాకిట్లో కాసేపు ఉంచేవారు. నేను టీ గ్లాసు పట్టుకుని వెనకాల నిలబడేదాన్ని. ఆ ఘాటు వాసన నాకిష్టం. కాసేపటికి అది పోయేది. ఎందుకు పోతుందని ఓసారి అడిగితే చెప్పారు. పొగగొట్టం దారిలో ఒక డబ్బా ఉంటుందట. లోపల తేనెపట్టులా సన్నటి చిల్లులు, వాటికేదో ఖరీదైన పూత. విషప్పొగ ఆ చిల్లుల్లోంచి వెళ్ళి నీటి ఆవిరిగా, గోళీసోడాలో ఉండే గాలిగా మారి బయటికొస్తుందట. అయితే డబ్బా బాగా కాలితేనే ఆ పని జరుగుతుంది. అందాకా వాసనే.

ఆయన పోయాక చొక్కాలన్నీ ఎవరో ఉతికేశారు. ఆయన వాసన నాకిక బండి దగ్గరే మిగిలింది. తాళం తిప్పడం వరకూ నాకు వచ్చు. రోజూ స్టార్టు చేసి, వెనకాల నిలబడి, వాసన పలచబడగానే ఆపేసేదాన్ని.

మొన్న మా ఆడపడుచు కూతురు బండిని పొల్యూషన్ చెకింగుకి తీసుకెళ్ళింది. ఫెయిలైంది. తిరిగొచ్చి నా మీద పడింది.

"రోజూ చల్లటి బండి స్టార్టు చేసి ఆపేస్తన్నావంట కదత్తా! చల్లగా ఉన్నప్పుడు పెట్రోలు ఎక్కువ తాగుద్ది. మసంతా డబ్బాలో పేరుకుపోయింది. ఇలాగే చేస్తే బండి తుక్కు కిందే పోద్ది."

"మరేం చెయ్యమంటావే?"

"రోడ్డు మీద బాగా తోలాలంట. డబ్బా కాలితే మసి దానంతటదే మండిపోద్దన్నారు మెకానిక్కు గారు. ఎక్కు, గన్నవరం దాకా పోయొద్దాం. ఆ పొగ పీల్చి నువ్వు కూడా షెడ్డుకెళ్తావేంటి?"

కాలవ గట్టు వెంట తోలింది. ఆయన సీట్లో అది, పక్కన నేను. ఏటి మీంచి కాలవని దాటించే అక్విడెక్టు వంతెన దాటాక ఆపమన్నాను. ఇంజను ఆపొద్దన్నాను. దిగి వెనక్కెళ్ళి వంగి చూశాను. వేడి గాలి మొహానికి కొట్టింది. వాసనేం లేదు. అలాగే నిలబడ్డాను.

"ఏముందత్తా అక్కడ?"

"ఏం లేదే. పద."

మళ్ళీ చెకింగు చేయిస్తే పాసైంది. బండి ఉండాలంటే ఆ వాసన నేను వదులుకోవాలి. తాళం దానికే ఇచ్చేశాను. నా దగ్గరుంటే తెల్లారేసరికి చెయ్యి ఊరుకోదు. ఇప్పుడు ఆదివారం ప్రార్థన అయ్యాక అదే వచ్చి దూరం తోలుకొస్తుంది. నేనూ ఎక్కుతున్నాను.

అమ్మాయ్, నేను చెప్పిందంతా రాశావా? నువ్వు నా మీద పడ్డావని చెప్పానే గానీ నిన్ను తిట్టలేదులే, మొహం అలా పెట్టకు. ఏదీ, మొదట్నించీ ఓసారి చదివి వినిపించు.